రష్యన్ పియానో ట్రియోలు ఎందుకంత దిగులుగా ఉంటాయి?

స్ట్రీమింగ్ యాప్‌లో రష్యన్ స్వరకర్త రఖ్మానినోవ్ పియానో ట్రియో కోసం వెతికితే 'ట్రియో ఎలెజియాక్' అనే ఒకే పేరుతో రెండు రచనలు కనిపిస్తాయి. ఒకటి పావుగంటలో అయిపోతుంది. ఇంకోటి ముప్పావుగంట దాకా సాగుతుంది. పక్కనే చైకోవ్‌స్కీ ట్రియో ఉంటుంది, దాని కింద 'ఒక మహా కళాకారుడి స్మృతిలో' అని రాసి ఉంటుంది. రఖ్మానినోవ్ పెద్ద ట్రియో కింద కూడా సరిగ్గా అదే మాట. ఇంకాస్త కిందికి వెళ్తే అరెన్‌స్కీ, ఆ తర్వాత షోస్టకోవిచ్. అక్కడా ఎవరో ఒకరు పోయే ఉంటారు. వీటిలో రెండు మూడింటిని కలిపి ఏదో ఒక బృందం రికార్డు చేస్తుంది, పరిచయ వాక్యాల్లో 'రష్యన్ ఆత్మ', 'స్లావుల విషాదం' లాంటి మాటలు పడతాయి. వినేవాళ్లకి సందేహం రావడం సహజమే: ఈ దేశంలో ముగ్గురు కూర్చుని వాయించడం మొదలుపెడితే ఏడుపు తప్ప ఇంకేమీ రాదా?

'ఆత్మ' అనే మాట ఈ ప్రశ్నను తేల్చదు, దాటవేస్తుంది. ఈ ట్రియోల దిగులుకి పేర్లున్నాయి, తేదీలున్నాయి, చాలావరకు ఒక్క విద్యాసంస్థ చిరునామా కూడా ఉంది.

పియానో ట్రియో అంటే మూడు పియానోలు కాదు

పియానో ట్రియో అంటే ఒక పియానో, ఒక వయొలిన్, ఒక చెల్లో (వయొలిన్ కన్నా పెద్దది, మంద్రంగా మోగేది). ఆ మూడింటి కోసం రాసిన రచననూ ట్రియో అంటారు, వాయించే ముగ్గురినీ ట్రియో అంటారు. మామూలుగా ఒక రచనలో మూడు నాలుగు భాగాలు ఉంటాయి, వాటి మధ్య చిన్న విరామం ఉంటుంది. 'ఎలిజీ' అంటే పోయినవాళ్లను తలుచుకుని చేసే రచన. 'ఎలెజియాక్' దాని ఫ్రెంచ్ విశేషణం. ఓపస్ 50, ఓపస్ 9 లాంటివి ప్రచురణ వరుస సంఖ్యలు.

ఇక మైనర్ కీ, అంటే పాశ్చాత్యులు దిగులుతో ముడిపెట్టే స్వరాల వరుస (సంతోషంతో ముడిపెట్టేది మేజర్). చైకోవ్‌స్కీది ఎ మైనర్, రఖ్మానినోవ్‌వి జి మైనర్, డి మైనర్, అరెన్‌స్కీది డి మైనర్, షోస్టకోవిచ్ రెండోది ఇ మైనర్. పాశ్చాత్య సంగీతంలోని సహజ మైనర్ స్కేల్ స్వరాలు మన నటభైరవి మేళకర్త స్వరాలే. హార్మోనిక్ మైనర్ స్వరాలు కీరవాణివి. ఆ రాగాల్లో ఏడుపుతో సంబంధం లేని కీర్తనలూ పాటలూ బోలెడు ఉన్నాయి కదా. అంటే మైనర్ కీ ఒక్కటే దిగులు పుట్టించదు. వేగం, స్థాయి, స్వరాలు ఎటు నడుస్తున్నాయి, ఏది మళ్లీ మళ్లీ వస్తోంది, ఇవన్నీ కలవాలి.

ఈ మూడు వాద్యాల జోడింపులో ఒక పాత చిక్కు ఉంది. వయొలిన్, చెల్లోలలో విల్లు లాగినంతసేపూ స్వరం బతికే ఉంటుంది, మధ్యలో పెరగనూ గలదు. పియానోలో సుత్తి తీగను కొట్టిన మరుక్షణం నుంచే నాదం తగ్గిపోతుంది. పైగా పియానో గట్టిగా మోగితే మిగతా రెండూ వినిపించవు. ఈ కలయికను భరించలేనని స్వయంగా చైకోవ్‌స్కీయే 1880లో తన పోషకురాలు నదేజ్దా ఫాన్ మెక్‌కు ఉత్తరం రాశాడు. ఆమె ఇంట్లో అప్పుడు ఒక ట్రియో బృందం ఉండేది. అందులో పియానో వాయిస్తున్న కుర్రాడు పద్దెనిమిదేళ్ల క్లాడ్ దెబ్యుసీ. మీరూ ఒక ట్రియో రాయకూడదా అని ఆమె అడిగింది. అతను కుదరదన్నాడు.

మాట మార్చిన మరణం

1881 మార్చి 23న నికొలాయ్ రూబిన్‌స్టైన్ పారిస్‌లో చనిపోయాడు. మాస్కో కన్సర్వేటరీ అనే సంగీత విద్యాలయాన్ని 1866లో స్థాపించి నడిపినవాడు, చైకోవ్‌స్కీకి అక్కడ ఉద్యోగం ఇచ్చినవాడు. ఇద్దరి మధ్య అంతా సాఫీగా ఏమీ సాగలేదు. 1874 చివర్లో చైకోవ్‌స్కీ తన మొదటి పియానో కన్చెర్టో (ఆర్కెస్ట్రా తోడుగా పియానో ముందుండి వాయించే రచన) వినిపిస్తే, అది వాయించడానికి పనికిరాదని రూబిన్‌స్టైన్ కడిగిపారేశాడు. తర్వాత మనసు మార్చుకుని తనే దాన్ని వాయించి పేరు తెచ్చిపెట్టాడు.

ఇక్కడ పేర్ల గజిబిజి ఒకటి విడదీయాలి. నికొలాయ్‌కి అంటోన్ అనే అన్న ఉన్నాడు, ఆయన ఇంకా పెద్ద పియానిస్టు, పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీ స్థాపకుడు. ఇదే చైకోవ్‌స్కీ ట్రియోను 1950లో వయొలినిస్టు హైఫెట్జ్, చెల్లిస్టు పియాటిగోర్‌స్కీలతో కలిసి రికార్డు చేసిన ఆర్థర్ రూబిన్‌స్టైన్ మాత్రం ఆ అన్నదమ్ములకి చుట్టం కాదు. ఒకే అట్ట మీద ఈ ఇంటిపేరు రెండుసార్లు కనిపిస్తే తికమకపడేవాళ్లు చాలామందే.

ఏడాది తిరగకముందే, రోమ్‌లో ఉండగా చైకోవ్‌స్కీ ఏ కలయికను తిట్టాడో దానికే రాయడం మొదలుపెట్టాడు. ఎందుకు? పోయినవాడు పియానిస్టు, అందుకే ఈ ట్రియోలో పియానో పాత్ర దాదాపు కన్చెర్టో స్థాయిలో ఉంటుంది. పియానో, ఆర్కెస్ట్రా అంటే బహిరంగ సభ అవుతుంది. పియానో ఒక్కటే అయితే పలకరించడానికి ఎవరూ ఉండరు. ట్రియోలో పోయినవాడి వాద్యం మధ్యన ఉంటుంది, చెరోపక్కా ఇద్దరు మిత్రులు ఉంటారు. ఇది నా ఊహే, కానీ రచన వింటే అలాగే తోస్తుంది. రాసింది రాశాక కూడా చైకోవ్‌స్కీకి భయం పోలేదు. సింఫనీలాంటి సంగీతాన్ని బలవంతంగా ట్రియోలోకి కుదించానేమోనని ఫాన్ మెక్‌కు రాశాడు. ఆ భయం అర్థం లేనిదేం కాదు. గట్టిగా వాయించే చోట్ల ముగ్గురూ ఆర్కెస్ట్రాలా మోగాలని చూస్తుంటారు.

అందరి రచనల్లాగా దీనికి నాలుగు భాగాలు లేవు, రెండే ఉన్నాయి. మొదటిది 'పెజ్జో ఎలెజియాకో'. చెల్లో ముందుగా రాగాన్ని ఎత్తుకుంటుంది, వయొలిన్ అందుకుంటుంది, కింద పియానో అలల్లా కదులుతుంటుంది. రెండోది ఒక సాదా పల్లవి లాంటి ఇతివృత్తం, దాని మీద వేరియేషన్లు, అంటే దాన్నే రకరకాలుగా మార్చి వాయించడం. వరసగా వింటే ఇక్కడ దిగులే లేదు! ఐదోది పియానో పైస్థాయిలో మోగే మ్యూజిక్ బాక్స్, ఆరోది వాల్ట్జ్, ఎనిమిదోది ఒకే రాగాన్ని వాద్యాలు ఒకదాని వెంట ఒకటి అందుకునే ఫ్యూగ్, పదోది మజుర్కా నాట్యం. తొమ్మిదోది మాత్రం కళ్లు తుడుచుకుంటున్నట్టు ఉంటుంది. చివరి వేరియేషన్ ఎ మేజర్‌లో పండగలా చెలరేగుతుంది. సరిగ్గా ఆ పండగ ఎత్తులో మొదటి భాగపు ఎ మైనర్ రాగం మీద పడుతుంది, పియానో ఎడమచేయి అంత్యక్రియల నడకలోకి దిగుతుంది, స్వరలిపి మీద 'లుగూబ్రె' అని ఉంటుంది. శోకంగా అని అర్థం. అంటే ఈ ట్రియో పొడవునా ఏడవదు. అరగంటకి పైగా జ్ఞాపకాల్లో తిప్పి, చివర్లో నిజం చెబుతుంది.

ఒక్కో వేరియేషన్ రూబిన్‌స్టైన్ జీవితంలోని ఒక్కో ఘట్టమని అప్పట్లోనే ప్రచారం మొదలైంది. చైకోవ్‌స్కీకి అది విని నవ్వొచ్చింది. దేన్నీ చిత్రించాలనుకోకుండా రాస్తే అది ఫలానాది చిత్రిస్తోందని తేలడం తమాషాగా ఉందన్నాడు. అయినా ఆ కథ ఇప్పటికీ ఆల్బమ్ వ్యాఖ్యల్లో తిరుగుతూనే ఉంది.

ఒకే అంకితం, రెండు ఎలిజీలు, ఒక్క చావు

1882 మార్చి 23, రూబిన్‌స్టైన్ తొలి వర్ధంతి. మాస్కో కన్సర్వేటరీలో ఆంతరంగికంగా ఆ ట్రియో మొదటిసారి వినిపించారు. పియానో మీద సెర్గెయ్ తనేయెవ్, వయొలిన్ మీద యాన్ హ్రిమాలీ, చెల్లో మీద విల్‌హెల్మ్ ఫిట్జెన్‌హాగెన్. పుస్తకాల్లో ఇదే తేదీ మార్చి 11 అని కూడా కనిపిస్తుంది. రెండూ సరైనవే. రష్యాలో అప్పుడు పాత జూలియన్ క్యాలెండరు వాడేవాళ్లు, 19వ శతాబ్దంలో అది పశ్చిమ యూరప్ క్యాలెండరు కంటే 12 రోజులు వెనకబడి ఉండేది.

పదేళ్ల తర్వాత అదే కన్సర్వేటరీలో తనేయెవ్ దగ్గర కౌంటర్‌పాయింట్, అరెన్‌స్కీ దగ్గర హార్మొనీ, కంపోజిషన్ చదువుకుంటున్న రఖ్మానినోవ్ 1892 జనవరిలో కొద్దిరోజుల్లోనే జి మైనర్ ట్రియో రాసేశాడు. వయసు 18. 'లెంతో లుగూబ్రె', అంటే నెమ్మదిగా, శోకంగా అని మొదలవుతుంది. తంత్రీవాద్యాలు గుసగుసలాడుతుంటే పియానో నాలుగు స్వరాలు పైకెక్కే ఒక చిన్న ముక్కను పలుకుతుంది. పావుగంటంతా ఆ నాలుగు స్వరాలదే రాజ్యం. చివరికి అంత్యక్రియల నడక, చైకోవ్‌స్కీ ట్రియోలో లాగే.

చిక్కు ఇక్కడే ఉంది. 1892 జనవరిలో ఈ ట్రియో ఎవరి స్మృతిలోనూ రాయలేదు. చైకోవ్‌స్కీ అప్పటికి బతికే ఉన్నాడు. మరి ఎలిజీ ఎవరికి? ఎవరికీ కాదు. పదేళ్లలో మాస్కో విద్యార్థి దృష్టిలో పియానో ట్రియో అంటేనే ఎలిజీ అయి కూర్చుంది. సుఖంగా ఉన్న కుర్రాడు కూడా ట్రియో రాయాలంటే శోకగీతమే రాశాడు. 'రష్యన్ విషాదం' గురించి ఎంత చర్చించినా, ఈ ఒక్క వివరం నాకు ఎక్కువ చెబుతుంది. ఇది స్వభావం కాదు, ఆనవాయితీ.

తర్వాత ఆనవాయితీకి అసలు కారణం దొరికింది. 1893 శరత్కాలంలో చైకోవ్‌స్కీ ఈ కుర్రాడి ఆర్కెస్ట్రా రచన 'ద రాక్' విని, తనే నిర్వహించి వినిపిస్తానన్నాడు. ఆ నవంబరు 6న, పాత లెక్కలో అక్టోబరు 25న, చైకోవ్‌స్కీ చనిపోయాడు. రఖ్మానినోవ్ అదే రోజు డి మైనర్ ట్రియో మొదలుపెట్టి డిసెంబరులో ముగించాడు. అంకితంలో చైకోవ్‌స్కీ వాడిన మాటలే ఉంచాడు. రెండో భాగాన్ని చైకోవ్‌స్కీలాగే వేరియేషన్లుగా రాశాడు. వాటి ఇతివృత్తం ఎక్కడిది? ఆయన నిర్వహిస్తానన్న 'ద రాక్' నుంచే. మొదటి రూపంలో ఆ భాగం హార్మోనియంతో మొదలయ్యేది, చర్చిలో లాగా. 1907లో, మళ్లీ 1917లో సవరించాడు. ఇప్పుడు రికార్డుల్లో వినిపించేది పియానోనే.

పేర్ల చిక్కు విప్పాలంటే ఇంతే: జి మైనర్, ఒకే భాగం, ఓపస్ సంఖ్య లేనిది అయితే 1892ది, ఎవరికీ అంకితం కాదు. అది అచ్చయింది కూడా రఖ్మానినోవ్ పోయాక, 1947లో. డి మైనర్, మూడు భాగాలు, ఓపస్ 9 అయితే చైకోవ్‌స్కీకి.

మైనపు గొట్టంలో దొరికిన అరెన్‌స్కీ

1894లో అరెన్‌స్కీ వంతు. ఆయన డి మైనర్ ట్రియో, ఓపస్ 32, అయిదేళ్ల కిందట పోయిన చెల్లిస్టు కార్ల్ దవీదొవ్ స్మృతిలోది. అందుకే అందమైన రాగాలన్నీ చెల్లోకే దక్కుతాయి. మూడో భాగం పేరే 'ఎలెజీయా'. అందులో వయొలిన్, చెల్లో తీగల వంతెన మీద మ్యూట్ పెట్టి వాయిస్తారు, నాదం దుప్పటి కప్పుకున్నట్టు మెత్తబడుతుంది. రెండో భాగం మాత్రం సరదాగా గంతులేసే స్కెర్జో. అరెన్‌స్కీని లోకం త్వరలోనే మరిచిపోతుందని ఆయన గురువు రిమ్‌స్కీ-కోర్సకోవ్ జోస్యం చెప్పాడు. మిగతా రచనల సంగతేమో గానీ, ఈ ట్రియో విషయంలో ఆ జోస్యం ఫలించలేదు.

రికార్డింగుల చరిత్రలో ఈ ట్రియోకి ప్రత్యేక స్థానం ఉంది. జూలియస్ బ్లాక్ అనే వ్యాపారి ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌ను రష్యాకి తెచ్చి, ఎరిగిన కళాకారులందరినీ మైనపు గొట్టాల మీద రికార్డు చేసేవాడు. రచన పూర్తయిన 1894లోనే అరెన్‌స్కీ చేత ఈ ట్రియోలోని భాగాలు వాయింపించాడు. వయొలిన్ హ్రిమాలీది, అంటే చైకోవ్‌స్కీ ట్రియో తొలిసారి వాయించినవాడే. చెల్లో అనతోలీ బ్రందుకోవ్‌ది, అంటే రఖ్మానినోవ్ రెండు ట్రియోలనూ తొలిసారి వాయించినవాడే. ఆ గొట్టాలు పోయాయనే చాలాకాలం అనుకున్నారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దొరికాక 2008లో సీడీలుగా వచ్చాయి. బరబరల మధ్య వాద్యాలు వెతుక్కోవాలి. కానీ మూడు ట్రియోల తొలి ప్రదర్శనలతో సంబంధం ఉన్న చేతులు ఒక్క గొట్టంలో ఉన్నాయి.

మరి 'రష్యన్ విషాదం' ఉత్తమాటేనా?

ఉందనే వాళ్ల వాదన తేలికగా తీసేయదగ్గది కాదు. రష్యన్ ఆర్థొడాక్స్ చర్చి గానం నెమ్మదిగా, దగ్గర దగ్గర స్వరాల మీద నడుస్తుంది. ఇళ్లలో పాడుకునే రొమాన్స్ పాటలు వాక్యం చివర కిందికి జారుతుంటాయి. ఈ రెండూ ఈ స్వరకర్తల చెవుల్లో చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. రఖ్మానినోవ్ మొదట హార్మోనియం పెట్టింది ఊరికే కాదు. అంతకుముందు 1832లో గ్లింకా క్లారినెట్, బసూన్, పియానోలకు రాసిన 'ట్రియో పతేతిక్' మీద కూడా, ప్రేమ అంటే దాని బాధలే తెలుసన్న అర్థంలో ఒక ఫ్రెంచ్ వాక్యం ఉంటుంది. కాకపోతే అది ఇటలీలో పుట్టింది, ఇటాలియన్ ఒపెరా ధోరణిలో ఉంటుంది.

కాదనే వాళ్లకీ ఆధారాలు గట్టివే. స్మృతి ట్రియో రష్యన్ల సొత్తు కాదు. చెక్ స్వరకర్త స్మెతనా తన చిన్న కూతురు పోయాక 1855లోనే జి మైనర్ ట్రియో రాశాడు. చైకోవ్‌స్కీ ట్రియో తొలిసారి వాయించిన ముగ్గురిలో హ్రిమాలీ చెక్ దేశీయుడు, ఫిట్జెన్‌హాగెన్ జర్మన్. తొలి ప్రదర్శనలో పియానో ముందు కూర్చున్న తనేయెవ్ తర్వాత తన సొంత ట్రియో రాస్తే అది డి మేజర్‌లో, బుద్ధికి పదును పెట్టే ధోరణిలో వచ్చింది. అది విషాదాల ఆల్బమ్‌లలో ఇమడదు కాబట్టి వాటిలో కనిపించదు. మనకి దిగులుగా ఉన్నవే ఏరి ఇస్తున్నారు, మనం అన్నీ దిగులే అనుకుంటున్నాం.

నా మొగ్గు రెండోవైపే. చర్చి గానం, రొమాన్స్ పాటలు రంగు ఇచ్చాయి. కానీ ట్రియోని శోకానికి కట్టేసింది మాస్కో కన్సర్వేటరీలోని గురుశిష్య పరంపర.

షోస్టకోవిచ్ దగ్గర లెక్క తప్పుతుంది

యాభై ఏళ్లు దాటి 1944కి వస్తే దేశం మారిపోయింది. షోస్టకోవిచ్ ఆప్తమిత్రుడు, విమర్శకుడు ఇవాన్ సొల్లెర్తిన్‌స్కీ ఫిబ్రవరి 11న నోవోసిబిర్స్క్‌లో 41 ఏళ్లకే పోయాడు. ఇ మైనర్ ట్రియో, ఓపస్ 67, అతని స్మృతికే అంకితం. ఆనవాయితీ కొనసాగిందని ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ట్రియో రాస్తున్నానని షోస్టకోవిచ్ మిత్రుడికి ఉత్తరం రాసింది 1943 డిసెంబరులో, అంటే ఆ చావుకి ముందే. మొదటి భాగం ముగిసింది చావు తర్వాత నాలుగు రోజులకి. మొదటి భాగపు తొలి స్వరాలను చరమగీతంగా వినడం ఎంతవరకు సబబో చెప్పడం అందుకే కష్టం.

ఆ స్వరాలు మాత్రం ఒకసారి వింటే మరుపురావు. చెల్లో తీగను పూర్తిగా నొక్కకుండా వేలితో తాకి మాత్రమే పలికించే సన్నటి స్వరాలతో, ఈలలా, పైస్థాయిలో ఒంటరిగా మొదలుపెడుతుంది. తర్వాత వయొలిన్ చెల్లో కన్నా కింది స్థాయిలో చేరుతుంది. ఆ కింద మంద్రంలో పియానో. ఎవరు ఎక్కడుండాలో అంతా తలకిందులు. రెండో భాగం పళ్లు బిగించి పరిగెత్తే స్కెర్జో. అది తన సోదరుడి స్వభావమేనని సొల్లెర్తిన్‌స్కీ సోదరి అనేది. మూడోది పాసకాలియా: పియానో ఎనిమిది బరువైన కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) కొడుతుంది, తాళంలో ఆవర్తనంలా అవే ఎనిమిది తిరిగి తిరిగి వస్తాయి, మొత్తం ఆరుసార్లు. వాటి మీద వయొలిన్, చెల్లో ప్రతిసారీ వేరే మాట మాట్లాడతాయి. పియానో మారదు, ఓదార్చదు.

వివాదమంతా నాలుగో భాగం మీద. అందులో యూదుల నాట్యసంగీతం ధోరణిలో ఒక రాగం వస్తుంది, మొదట తీగలు మీటుతూ, చివరికి అరుస్తూ. నాజీ శిబిరాల్లో యూదులను వాళ్ల సమాధుల దగ్గరే ఆడించారన్న కథనాలకి ఇది స్పందన అనేది బాగా ప్రచారంలో ఉన్న వ్యాఖ్యానం. ఎర్రసైన్యం మైదానెక్ శిబిరాన్ని చేరింది 1944 జులైలో, ఈ భాగం ముగిసింది ఆగస్టులో. తేదీలు పక్కపక్కనే ఉన్నాయి, పక్కనున్నంత మాత్రాన కారణం అయిపోవు. ఇంకో దారి నాకు ఎక్కువ నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. షోస్టకోవిచ్ శిష్యుడు, యూదుడైన వెనియమిన్ ఫ్లైష్‌మన్ 1941లో లెనిన్‌గ్రాడ్ రక్షణలో చనిపోయాడు. చెహోవ్ కథ మీద అతను సగంలో వదిలిన ఒపెరాను గురువు పూర్తిచేసింది 1944 ఫిబ్రవరిలోనే, అంటే ట్రియో మొదటి భాగం ముగిసిన నెలలోనే. ఆ స్వరాలు అప్పటికే ఆయన చేతుల్లో ఉన్నాయి. రెండు వివరణలూ కలిసి నిజం కావచ్చు. ఆ రాగాన్ని ఆయన 1960లో నాలుగు తంత్రీవాద్యాలకు రాసిన ఎనిమిదో క్వార్టెట్‌లో మళ్లీ వాడుకున్నాడు.

రికార్డు చేస్తే ఏం మారుతుంది

ముందు నిడివి లెక్క. సీడీలో దాదాపు 80 నిమిషాలు పడతాయి. చైకోవ్‌స్కీ ట్రియో సుమారు 47 నిమిషాలు. దానికి రఖ్మానినోవ్ చిన్న ట్రియో 15 కలిపితే హాయిగా సరిపోతుంది. అరెన్‌స్కీ 30 కలిపితే ఇరుక్కుని సరిపోతుంది. షోస్టకోవిచ్ 26 కూడా పడుతుంది. కానీ రఖ్మానినోవ్ ఓపస్ 9 కలిపితే 90 దాటిపోతుంది. అంటే ఒకే అంకితవాక్యం ఉన్న, ఒకదానికి ఒకటి జవాబైన రెండు ట్రియోలు ఒక్క సీడీలో పట్టవు. ఎవరికీ అంకితం కాని కుర్రాడి ట్రియో చైకోవ్‌స్కీ పక్కన తరచుగా కనిపించడానికి కళాకారణాలతో పాటు ఈ లెక్క కూడా కారణం.

తర్వాత కోతలు. చైకోవ్‌స్కీ ఎనిమిదో వేరియేషన్‌ను వదిలేయొచ్చని స్వరలిపిలోనే అనుమతి ఇచ్చాడు, చివరి వేరియేషన్‌లోనూ కోతకు ఒప్పుకున్నాడు. కాబట్టి రెండు రికార్డుల నిడివిలో అయిదారు నిమిషాల తేడా ఉంటే వేగమే కారణం కానక్కరలేదు.

వాయించే బృందాలు రెండు రకాలు. ఒకటి, ఎప్పుడూ కలిసే వాయించేవి. వయొలినిస్టు రొస్తిస్లావ్ దుబిన్‌స్కీ సోవియట్ యూనియన్ విడిచి వచ్చాక భార్య లూబా ఎద్లినా, చెల్లిస్టు యూలీ తురోవ్‌స్కీలతో 1976లో బొరొదిన్ ట్రియో పెట్టాడు. వాళ్ల చైకోవ్‌స్కీ, రఖ్మానినోవ్, అరెన్‌స్కీ రికార్డుల్లో వేగం నిదానం, వాక్యాలు సాగుతాయి. దిగులు కోసమే వినేవాళ్లకి అవి నచ్చుతాయి, కొందరికి మరీ బరువనిపిస్తాయి. రెండోరకం, పేరున్న ముగ్గురు ఒక సందర్భానికి కలవడం. మార్తా అర్గెరిచ్, గిడోన్ క్రెమెర్, మీషా మైస్కీ 1998లో టోక్యోలో వేదిక మీదే చైకోవ్‌స్కీ, షోస్టకోవిచ్ ట్రియోలు రికార్డు చేశారు. అందులో ఒకరి మీద ఒకరు ఎగబడే ఉద్వేగం ఉంటుంది, పియానో ఎవరికీ తగ్గదు. అదే క్రెమెర్ 2017లో విడుదలైన ఆల్బమ్‌లో చెల్లిస్టు గీద్రె దిర్వనౌస్కైతె, పియానిస్టు దనీల్ త్రిఫొనోవ్‌లతో రఖ్మానినోవ్ రెండు ట్రియోలనూ వాయించినప్పుడు నాదం పలచబడి, ఎముకలు కనిపించేలా ఉంటుంది.

షోస్టకోవిచ్ విషయంలో ఒక ఆధారం అదనంగా ఉంది. ఆయనే పియానో వాయించిన రికార్డులు 1940లనాటివి ఉన్నాయి, ఒకటి ప్రాగ్‌లో వయొలినిస్టు దవీద్ ఓయిస్త్రాహ్, చెల్లిస్టు మిలోష్ సాద్లోలతో. ఆయన వేగం తర్వాతి బృందాల కంటే చాలాచోట్ల ఎక్కువ, పట్టుకోలేనంత. తర్వాతివాళ్లు ఆగి ఆగి ఏడ్చే చోట స్వరకర్త ఆగకుండా ముందుకి వెళ్లిపోతాడు. అదే సరైన వేగమని కొందరు, అప్పటి ఆయన కంగారు వల్ల అలా వచ్చిందని మరికొందరు అంటారు. రెండు రికార్డులు వెంటవెంటనే వింటే తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.